గల్లీలో అంగన్‌వాడీ ఉంది, పిల్లలే రావట్లేదు. కాలనీ వాళ్ల సాయం ఎట్లా అడగాలి?

చింటూ_అమ్మ
మాది హన్మకొండ శివారు కాలనీ. గల్లీ చివర అద్దె ఇంట్లో అంగన్‌వాడీ నడుస్తుంది. రిజిస్టర్‌లో 22 మంది పిల్లలు, కూర్చునేది ఏడుగురు. అందులో మావాడొకడు, మూడేళ్ల నాలుగు నెలలు. టీచరమ్మ మీద నాకు ఏ కంప్లయింట్ లేదు. కానీ ఉన్నది ఒక్కటే గది. బియ్యం బస్తా అందులోనే, గుడ్ల ట్రేలు అందులోనే, తూకం మిషను అందులోనే, మిగిలిన జాగాలో పిల్లలు. బాత్రూం తలుపుకు గడియ లేదు. లోపలికి ఎవరు పోయినా ఆయా బయట తలుపు పట్టుకొని నిలబడాలి. అంతసేపు పొయ్యి మీద పప్పు సంగతి దేవుడికెరుక.

మొన్న కాలనీ మీటింగ్‌లో ఈ మాట ఎత్తాను. "అది సర్కారుది కదమ్మా, మనం వేలు పెడితే బాగుండదు" అన్నారు పెద్దమనుషులు. అదే మీటింగ్‌లో గుడి ముందు రేకుల షెడ్డుకు అరగంటలో చందాలు రాసుకున్నారు. గుడికి ఇవ్వొద్దని నేను అనట్లేదు. గడియకు కూడా మనసు రాలేదే అని బాధ. మీ దగ్గర ఎవరైనా నలుగురిని కూడగట్టి చిన్నపిల్లల కోసం ఏమైనా చేయగలిగారా? చేసిన వాళ్లు చెప్పండి. సలహాలు మా ఇంట్లోనే కావలసినన్ని ఉన్నాయి.

మిర్చియార్డు
ఏడుగురు వస్తున్నారా, అదృష్టవంతులు. మా దగ్గర ముగ్గురే. మిగతా వాళ్లంతా పొద్దున్నే వ్యాన్ ఎక్కుతారు. మా బామ్మర్ది కొడుక్కి రెండున్నరేళ్లు, వాడి కంటే వాడి టై పొడుగు.

కాజీపేట_గార్డు
టై మీద జోకులు సరే. నేను మా పాపను ప్రైవేటుకే పంపుతున్నా, ఎందుకో చెప్తా. ఇంగ్లీష్ కోసం కాదు. నా డ్యూటీకి టైం ఉండదు, మా ఆవిడ ల్యాబ్‌లో పని చేసి ఆరింటికి వస్తుంది. ఆ ప్లేస్కూల్ వాళ్లు ఆరున్నర దాకా ఉంచుకుంటారు. అంగన్‌వాడీ నాలుగింటికి తాళం వేస్తారు. నాలుగు నుంచి ఆరున్నర దాకా పాపను జేబులో పెట్టుకోవాలా?

మిర్చియార్డు
గార్డు అన్న చెప్పింది పాయింటే. టై మాట వెనక్కి తీసుకుంటున్నా. సగం.

లెక్కల_పిచ్చోడు
చింటూ అమ్మగారూ, మీ పెద్దమనుషులు అన్నదాంట్లో తప్పేముంది? పన్నులు కడుతున్నాం. సర్కారు నడపాల్సింది సర్కారు నడపాలి. మనం గడియ కొనిస్తే రేపు గోడ, ఎల్లుండి స్లాబు అడుగుతారు. పైగా మూడేళ్లు వచ్చాయి కదా, అక్కడ అక్షరాలు దిద్దిస్తున్నారా అసలు? మా అన్న కూతురు ఏడాది పోయింది, "అ" రాదు. ఆటలు ఇంట్లో ఆడుకోలేరా?

అంగన్_టీచర్_19ఏళ్లు
నేను ఇదే పనిలో ఉన్నాను, వేరే మండలం. ముందు నా రోజు ఎట్లా గడుస్తుందో చెప్తాను, తర్వాత మీ "అ" సంగతి.

తొమ్మిదింటికి తలుపు తీస్తా. పిల్లల్ని పిలుచుకు రావడానికి ఆయా ఇల్లిల్లూ తిరుగుతుంది. హాజరు ఫోన్‌లో, ఫోటో ఫోన్‌లో. ఏడు నెలల నుంచి మూడేళ్ల లోపు పిల్లలకు నెలకు రెండున్నర కిలోల బాలామృతం ప్యాకెట్, 16 గుడ్లు ఇవ్వాలి. ఇచ్చేటప్పుడు తల్లి ముఖం యాప్‌లో పట్టాలి. ఎండకు నిలబెట్టి "అటు తిరుగు, ఇటు తిరుగు, కళ్లు ఆర్పు" అంటుంటే ఆమె నన్ను ఫోటో స్టూడియో వాడిని చూసినట్టు చూస్తుంది. మధ్యాహ్నం గర్భిణులు, బాలింతలు వస్తారు. ఆరోగ్యలక్ష్మి కింద అన్నం, పప్పు, కూర, గుడ్డు, 200 మిల్లీలీటర్ల పాలు అక్కడే పెట్టాలి. ఈ లోపు ఓటరు లిస్టు పని ఉందని ఫోన్ వస్తుంది. గ్యాస్ బండకు ముందు నా జేబులోంచే పెడతా, బిల్లు వచ్చినప్పుడు వస్తుంది. జీతం 13,650. 2023 సెప్టెంబర్‌లో సమ్మెకు కూర్చున్నది ఊరికే కాదు. ఇన్నిట్లో ఆటపాటలకు మిగిలేది ఏ గంటో చెప్పండి.

ఇక "అ" సంగతి. మూడేళ్ల పిల్లాడి చేతిలో పలక బలపం పెట్టి వేలు పట్టుకొని దిద్దిస్తే మీకు తృప్తి, వాడికి ఏడుపు. వాడి వేళ్లకు ఇంకా పట్టు రాదు. నేను చింతగింజలు, మక్కగింజలు కలిపి పోసి ఏరమంటా. బొటనవేలు, చూపుడువేలు కలిపి ఒక్కో గింజ ఎత్తుతారు. మట్టితో ముద్దలు చేస్తారు. దారంలో పూసలు గుచ్చుతారు. ఐదేళ్లకు ఆ వేళ్లే పెన్సిల్ పట్టుకుంటాయి. 2024లో కేంద్రం వాళ్లు ఇచ్చిన ఆధారశిల పాఠ్యక్రమంలోనూ ఉన్నది ఇదే, ఆటతో చదువు. మా అవ్వ ఇదంతా ఏ పాఠ్యక్రమం లేకుండానే చేయించేది, అది వేరే మాట.

చింటూ అమ్మా, మీ టీచర్‌కు డబ్బులు కావాలని నేను అనుకోను. పదకొండు నుంచి పన్నెండు దాకా పిల్లల దగ్గర కూర్చొని కథ చెప్పే మనిషి ఒకరు దొరికితే ఆమెకు పండుగ.

లెక్కల_పిచ్చోడు
చింతగింజ ముక్కులో పెట్టుకుంటే?

అంగన్_టీచర్_19ఏళ్లు
అందుకే కూర్చునే మనిషి కావాలంటున్నా సార్.

రిటైర్డ్_పంతులు
చర్చ బాగుంది కాబట్టి నాకు తెలిసింది రెండు ముక్కలు. 2002లో 86వ రాజ్యాంగ సవరణ ఆరు నుంచి పద్నాలుగేళ్ల వాళ్లకు చదువును హక్కు చేసింది. ఆరేళ్ల లోపు వాళ్లను 45వ అధికరణంలో ఉంచి, వాళ్ల సంరక్షణకు, చదువుకు రాజ్యం ప్రయత్నించాలి అంది. 2009 విద్యాహక్కు చట్టం 11వ సెక్షన్ చూడండి. మూడు నుంచి ఆరేళ్ల వాళ్లకు ప్రభుత్వం ఏర్పాటు "చేయవచ్చు" అని ఉంది. "చేయాలి" అని లేదు. ముప్పై ఏళ్లు వ్యాకరణం చెప్పినవాణ్ణి, ఆ ఒక్క క్రియాపదం దగ్గర నాకు కోపం వస్తుంది. తిండి సంగతిలో మాత్రం ఆ తేడా లేదు, 2013 ఆహార భద్రత చట్టం అంగన్‌వాడీ భోజనాన్ని హక్కుగానే చెప్పింది.

ఇంకొకటి. అంగన్‌వాడీలో మనం వేలు పెట్టకూడదు అన్న పెద్దమనుషులకు చెప్పండి. ప్రతి సెంటర్‌కు పర్యవేక్షణ, సహాయ కమిటీ ఉండాలని 2011లోనే మార్గదర్శకాలు వచ్చాయి. వార్డు సభ్యురాలు, తల్లులు, ఆశా కార్యకర్త అందులో ఉంటారు. మీ సెంటర్‌లో కమిటీ ఉందేమో అడగండి. చాలా చోట్ల కాగితం మీద ఉంటుంది, అందులో మీ పేరే ఉన్నా ఆశ్చర్యపోకండి.

మిర్చియార్డు
సార్ క్లాస్ అయ్యింది, అందరూ కూర్చోవచ్చు.

చింటూ_అమ్మ
పంతులుగారూ, అడిగాను. కమిటీ ఉందట. అందులో ఒకామె ఇల్లు అమ్ముకొని కరీంనగర్ వెళ్లిపోయి రెండేళ్లయింది.

కొత్తవాడ_మగ్గం
మా ఇంటి ముచ్చట చెప్తా. మేము జంపఖానాలు నేస్తాం. వరంగల్ జంపఖానాకు 2018లో జీఐ గుర్తింపు (ఊరి పేరు మీద సరుకుకు ఇచ్చేది) వచ్చింది, కూలి మాత్రం దానికి తగ్గట్టు పెరగలేదు. అది పక్కన పెట్టండి. మా చిన్నది అంగన్‌వాడీలో ఉన్నప్పుడు చలికాలం పొద్దున బండల మీద కూర్చోలేక పిల్లలు ఒకరి ఒళ్లో ఒకరు ఎక్కేవాళ్లు. మా ఆవిడ చూసొచ్చి నాతో గొడవ పెట్టుకుంది. రంగు తేడా వచ్చి షావుకారు తిరగ్గొట్టిన జంపఖానాలు రెండు అటక మీద ఉండె. ఇచ్చేశా. పక్క మగ్గం వాళ్లు ఇంకొకటి ఇచ్చారు. ఎవరినీ మీటింగ్ పెట్టి అడగలేదు. "మీ ఇంట్లో తేడా వచ్చిన ముక్క ఉందా" అని అడిగాం, అంతే. చందా అంటే ముఖం తిప్పుకునే మనిషి కూడా ఈ మాటకు అటక ఎక్కి చూశాడు.

ఇప్పటికీ మా పిల్ల ఆ దారిన పోతే "మా నాన్న జంపఖానా" అంటుంది. ఎరుపు అంచు, పచ్చ అంచు చూపించి టీచర్ రంగులు నేర్పేదట. తేడా వచ్చింది కాబట్టి ఒకదాంట్లోనే మూడు రకాల ఎరుపు ఉండె, అది కలిసొచ్చింది.

కాజీపేట_గార్డు
సూపర్ అన్నా. మూడు రకాల ఎరుపు ఏ ప్లేస్కూల్‌లో చెప్తారు.

స్టాఫ్‌నర్సు_నైట్‌డ్యూటీ
ప్రైవేటుకు పంపే తల్లిదండ్రులకు ఒక మాట, కోప్పడకండి. వ్యాన్‌లో పోయే పిల్లల్ని నెలనెలా ఎవరు తూస్తున్నారు? మా అక్క కూతురికి మూడున్నరేళ్లు. సన్నగా ఉంది, "మా వంశమే సన్నం" అనుకున్నాం. సంక్రాంతికి ఊరెళ్తే అక్కడి అంగన్‌వాడీ టీచర్ దాని భుజానికి, మోచేతికి మధ్య ఆ రంగుల టేపు చుట్టింది. ఆరు నెలలు దాటి ఐదేళ్ల లోపు ఉన్న పిల్లలకు చేతి చుట్టుకొలత పన్నెండున్నర సెంటీమీటర్ల పైన ఉంటే ఆకుపచ్చ. పదకొండున్నరకు తగ్గితే ఎరుపు, అంటే తీవ్రమైన పోషకాహార లోపం. దానికి పసుపు వచ్చింది. నర్సును నేను, నా కళ్ల ముందు తిరిగే పిల్ల, నాకు తట్టలేదు. ఆ రోజు ఎవరి ముఖం చూడలేకపోయా.

బీడీల_అక్క
జగిత్యాల దగ్గర ఊరు మాది. మీరందరూ సాయం, కమిటీ అంటున్నారు. మా గల్లీలో ఐదుగురం ఒకే అరుగు మీద చాటలు ముందేసుకొని బీడీలు చేస్తాం. తునికాకు, తంబాకు వాసనలో పసిపిల్లలు ఉండొద్దని ఆశా అక్క చెప్పింది. పిల్లల్ని వదిలేసి చేయలేం, చేయకపోతే పూట గడవదు. అందుకే వంతులు పెట్టుకున్నాం. రోజుకొకామె చాట ముట్టకుండా అవతలి ఇంట్లో అందరి పిల్లల్నీ చూస్తుంది. మిగతా నలుగురం తలా కొన్ని బీడీలు ఆమె లెక్కలో కలుపుతాం. ఎవరూ నేర్పలేదు. మొదట్లో బీడీల లెక్క దగ్గర కొట్లాటలు అయినయి, ఇప్పుడు లేవు.

కానీ ఒకటి. ఇందాక టీచరమ్మ "కథ చెప్పే మనిషి ఒకరు దొరికితే పండుగ" అన్నది. ఆ మనిషి ఎవరు? మళ్లీ ఏ ముసలవ్వనో, ఏ కోడలో. మగోళ్లు రారు. "ఊరి సాయం" అంటే ఆడోళ్లు ఊరికే చేసేది అనుకుంటే నేను ఒప్పుకోను. మాకు బీడీలన్నా కలుపుతారు.

రిటైర్డ్_పంతులు
అమ్మా, ఆ మాట నాకు తగిలింది. రిటైరయి ఆరేళ్లు, పొద్దున వాకింగ్, తర్వాత పేపర్. అంగన్‌వాడీ మా ఇంటికి నాలుగు ఇళ్ల అవతలే. ఒక్కరోజు పోలేదు.

మిర్చియార్డు
సార్ దొరికిపోయారు.

బీడీల_అక్క
సార్ పోయి ఒక్కరోజు కూర్చొని చెప్పండి, ఎట్లా ఉందో.

ఉట్నూర్_కుర్రాడు
మా దగ్గర సమస్య వేరు. ఇంట్లో గోండి, అంగన్‌వాడీలో తెలుగు. మా తమ్ముడు మొదటి రెండు నెలలు నోరు విప్పలేదు. టీచర్ "మంద బుద్ధేమో" అంది, తప్పు ఆమెది కూడా కాదు, ఆమెకు మా భాష రాదు. మా నానమ్మ రోజూ వాణ్ణి దించడానికి వెళ్లి గుమ్మం దగ్గరే కూర్చునేది. ఒకరోజు కోడి కథ గోండిలో చెప్తే పిల్లలందరూ ఆమె చుట్టూ చేరారట. అప్పటినుంచి టీచరే రమ్మనేది. నానమ్మ దగ్గర టీచర్ ఇరవై ముప్పై గోండి మాటలు నేర్చుకుంది. "నీళ్లు", "ఆకలి", "బయటికి", "నొప్పి" ఈ నాలుగు తెలిసినా చాలు, పిల్లాడు ఏడవడు.

లెక్కల_పిచ్చోడు
అన్నీ బాగున్నాయి. నా ప్రశ్నకు ఎవరూ జవాబు చెప్పలేదు. బయటి మనిషి వచ్చి కూర్చుంటే, రేపు పిల్లాడు కింద పడి చెయ్యి విరిగితే ఎవరి మీద పడుతుంది? టీచర్ ఉద్యోగం పోదా?

అంగన్_టీచర్_19ఏళ్లు
న్యాయమైన ప్రశ్నే. నేను చేసేది ఇది. వచ్చే మనిషి పేరు కమిటీ మీటింగ్ పుస్తకంలో రాయిస్తా, సూపర్‌వైజర్ మేడంకు ముందే చెప్తా. నేను గదిలో లేకుండా వాళ్ల మీద పిల్లల్ని వదలను. వంట జోలికి రానివ్వను. నెలకోసారి తల్లుల్ని పిలిచే రోజు అందరి ముందు పరిచయం చేస్తా. ఇంతకంటే గ్యారంటీ నేను ఇవ్వలేను. మీ ప్లేస్కూల్ వాళ్లు ఏమిస్తున్నారో కూడా అడిగి చూడండి.

కాజీపేట_గార్డు
అడిగా. "సీసీటీవీ ఉంది" అన్నారు. పడటం రికార్డవుతుంది.

చింటూ_అమ్మ
పది రోజులు కనబడలేదు, సారీ. ఊరికే కూర్చోలేదు.

గార్డు అన్న "నాలుగు నుంచి ఆరున్నర" అన్నది నా బుర్రలో ఉండిపోయింది. రాని పదిహేను మంది ఇళ్లకూ పోయాను, రోజుకు రెండు మూడు. ఇంగ్లీష్ కావాలని ఇక్కడికి పంపట్లేదు అన్నది నలుగురే. తొమ్మిది ఇళ్లలో తల్లి పనికి పోతుంది. బట్టల షాపు, ఆసుపత్రి స్వీపింగ్, మిషన్ కుట్టడం, ఒకామె ఏనుమాముల యార్డులో మిర్చి తొడిమలు తీస్తుంది. నాలుగింటికి పిల్లను ఎవరు తీసుకురావాలి అన్నదే అందరి బాధ. మిగిలిన ఇద్దరూ బాత్రూం గడియ మాటే ఎత్తారు. అంటే నేను మీటింగ్‌లో అడగాల్సింది ఒకటి, అడిగింది ఇంకొకటి. నేను గది గురించి మాట్లాడాను, వాళ్ల సమస్య గడియారం.

అంగన్‌వాడీ ఎదురింట్లో ఒక అవ్వ ఒక్కతే ఉంటుంది, కొడుకు హైదరాబాద్‌లో. పెద్ద వాకిలి, వేపచెట్టు, గేటు ఉంది. అడిగితే "నాకేం పని, ఉంచండి" అంది. ఇప్పుడు ఇంట్లోనే గొడవ. మా అత్తమ్మ "అవ్వకు డబ్బులిస్తే బాగుండదు, మర్యాద కాదు" అంటుంది. ఇవ్వకపోతే నాకు బాగుండదు.

బీడీల_అక్క
ఇవ్వాలి. ఆమె వద్దన్నా ఇవ్వాలి. డబ్బులిస్తే తప్పనుకుంటే బియ్యం ఇవ్వండి, నూనె ఇవ్వండి, మందులు తెచ్చివ్వండి. "నాకేం పని" అని ముసలోళ్లు ఎప్పుడూ అంటారు, మోకాళ్లు నొప్పి అని చెప్పరు. తొమ్మిది మంది పిల్లల వెనక ఒక్క అవ్వ ఉరుకుతుందా? ఇంకో మనిషి ఉండాలి.

రిటైర్డ్_పంతులు
అక్క చెప్పింది చట్టంలోనూ ఉన్న మాటే. 2005 ఉపాధి హామీ చట్టం రాసినప్పుడు, పని చోట ఆరేళ్ల లోపు పిల్లలు ఐదుగురు ఉంటే వాళ్లను చూడటానికి ఒకామెను పెట్టి కూలి ఇవ్వాలని అందులోనే పెట్టారు. పిల్లల్ని చూడటం పని అని, పనికి కూలి ఉంటుందని ఒప్పుకున్నట్టు. ఎన్ని చోట్ల పెట్టారన్నది వేరే సంగతి. అంగన్‌వాడీలోనే క్రెష్ (పనికి పోయే తల్లుల పిల్లల్ని చూసుకునే చోటు) కలిపి నడిపే పాల్నా అనే పథకం కూడా కేంద్రానిది ఉంది. మీ సూపర్‌వైజర్‌ను అర్జీ రాసి అడగండి, వచ్చినప్పుడు వస్తుంది.

వాకిలి అన్నారు కాబట్టి ఒక ముక్క. తారాబాయి మోడక్ 1945లో మహారాష్ట్ర బోర్డిలో పిల్లల బడి మొదలుపెట్టారు. ఆదివాసీ పిల్లలు బడికి రాకపోతే బడినే వాళ్ల వాకిళ్లలోకి తీసుకుపోయారు. అంగణం అంటే వాకిలే. అవ్వ ఇల్లు ఆ పేరుకు సరిపోయింది.

మరొకటి, నేను పోయాను. నాలుగు రోజులు. మొదటి రోజు కథ చెప్తుంటే మధ్యలో లేచి అందరూ పందిపిల్లను చూడటానికి కిటికీ దగ్గరికి పోయారు. ముప్పై ఏళ్ల సర్వీస్‌లో నా క్లాసులోంచి ఎవరూ లేవలేదు. రెండో రోజు నేనూ కిటికీ దగ్గరికి పోయాను.

మిర్చియార్డు
సార్, మీకు పది మార్కులు. పందిపిల్లకు ఇరవై.

లెక్కల_పిచ్చోడు
చింటూ అమ్మగారూ, తొమ్మిది ఇళ్లు అన్నారు. ఇంటికి నెలకు 400 వేసుకుంటే 3,600. అవ్వకు కొంత, ఇంకో మనిషికి కొంత, అటుకులో అరటిపండో సాయంత్రం తిండికి కొంత. పుస్తకం పెట్టి రాయండి, నెలాఖరున గోడకు అంటించండి. గొడవలు వచ్చేది లెక్క దగ్గరే. కావాలంటే నేను రాసి పెడతా. గోడ, స్లాబు మాట మీద మాత్రం నేను మారలేదు.

స్టాఫ్‌నర్సు_నైట్‌డ్యూటీ
గేటు ఉందన్నారు, మంచిది. నీళ్ల తొట్టి ఉందేమో చూడండి, ఉంటే మూత పెట్టించండి. అవ్వ మందులు పిల్లలకు అందని ఎత్తులో ఉండాలి. ఎవరి పిల్లను ఎవరు తీసుకుపోవచ్చో పేర్లు రాసి పెట్టుకోండి.

చింటూ_అమ్మ
తొట్టి ఉంది! నేను అసలు చూడలేదు. మూత రేపే.

400 ఇవ్వడానికి ఆరుగురు ఒప్పుకున్నారు. ఇద్దరు ఆలోచిస్తాం అన్నారు. మిర్చి తొడిమలు తీసే ఆమె డబ్బులు కష్టం, ఆదివారం వచ్చి వాకిలి ఊడ్చి, తిండి సామాను తెచ్చిస్తా అంది. సరే అన్నాం. రెండో మనిషి ఇంకా దొరకలేదు, దొరికేదాకా ఐదుగురు పిల్లలకు మించి అవ్వ దగ్గర ఉంచకూడదనుకున్నాం. ఆ ఐదుగురు ఎవరన్నది రేపు తేలాలి, కొట్లాట ఖాయం.

గడియ మాత్రం పడింది. వడ్రంగి పని చేసే ఆయన మనవరాలు అదే సెంటర్‌లో ఉందట, అడిగితే సాయంత్రమే వచ్చి బిగించాడు, డబ్బులు తీసుకోలేదు. మర్నాడు మావాడు లోపలికి పోయి గడియ వేసుకొని బయటికి రానన్నాడు. ఆయా పావుగంట బతిమాలింది. పప్పు మాడింది.

కాజీపేట_గార్డు
గడియ బయటి వైపు పైన బిగించాల్సింది.

కొత్తవాడ_మగ్గం
అట్లా బిగిస్తే మళ్లీ ఆయానే తలుపు దగ్గర నిలబడాలి కదా అన్నా.

కాజీపేట_గార్డు
అవును కదా. చింటూ అమ్మా, రెండో మనిషి అన్నారు. మా అమ్మ ఇక్కడ కాజీపేటలో ఊరికే ఉంటుంది, మీ కాలనీకి బస్సు ఎన్నింటికి ఉంది?